సంఘమునందు జ్ఞానాభ్యాసము

(బిషప్ అజరయ్య స్మారకోపన్యాస పాఠము)



వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పేర జరుగు ఈ సభలో మాటలాడుమని నన్ను పిలిచినప్పుడు, ఆ మహనీయుని జీవితచరిత్రను మరల ఒకసారి వినగోరుచున్నారా, లేక ఆయన పూనిన పనిలో నేటికిని మిగిలియున్న ఒక భాగమును గూర్చి ఆలోచింపగోరుచున్నారా అని నేనడుగలేదు. అడిగినచో మొదటిదానికే కట్టుబడవలసివచ్చునేమో అను జంకు నాకు లేకపోలేదు. కావున చరిత్రను నాలుగు మాటలలో చెప్పి రెండవదానికే వచ్చెదను. తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై గ్రామమున 1874లో ఒక పల్లె కాపరి యింట పుట్టిన ఈ తమిళుడు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమెల్ల తిరిగి, 1903లో తిరునెల్వేలి మిషనరీ సంఘమును, 1905లో సేరంపూరున జాతీయ మిషనరీ సంఘమును నెలకొల్పినవారిలో ఒకడై, ఇతరులను పంపుటతో తృప్తిపడక, 1909లో నిజాము రాజ్యములోని డోర్నకల్ అను చిన్న రైలు కూడలికి తానే వచ్చి చేరి, పరభాష అయిన తెలుగును తన సేవాభాషగా చేసికొనెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై, 1945 జనవరి 1న కన్నుమూయువరకు ఆ పదవియందే యుండెను. ఆయన కన్నుమూయునాటికి ఆయన డోర్నకల్ అధ్యక్ష మండలమున క్రైస్తవులు రెండు లక్షలకు పైబడిరి. వారిలో మిక్కిలి భాగము మాల మాదిగ పల్లెల కూలిజనము, అక్షరము ముఖమెరుగనివారు.

ఆ పల్లెలను పట్టి పీడించు దయ్యములు నాలుగని ఆయన చెప్పుచుండెడివారు: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. పాపమును గూర్చియు రక్షణను గూర్చియు బోధించుటకు వచ్చిన బిషప్పు నడుమ నిలిచి వడ్డీలెక్కలను గూర్చి మాటలాడుట కొందరికి చిన్నతనముగా తోచునేమో కాని, లేఖనములు జ్ఞానమని దేనిని పిలుచుచున్నవో తెలిసినవానికి అందు వింత యేమియు లేదు. సామెతల గ్రంథమును తెరచిన మరుక్షణమున మనకు ఎదురగునవి దేవాలయమును, బలిపీఠమును, ధూపమును కావు; సంత, త్రాసు, పొరుగువాని గట్టురాయి, సోమరివాని చేను, జగడగొండి యిల్లు, తెల్లవారుజామున బిగ్గరగా పలుకరించు స్నేహితుడు. జ్ఞానమను స్త్రీ కేకవేయు తావు వీధిమొగల, పట్టణపు గవిని. మన మాటలో చెప్పవలెనన్న రచ్చబండ. జనులు కొనునది, అమ్మునది, సాక్ష్యము చెప్పునది, తగవు తీర్చుకొనునది అచ్చటనే గనుక, జ్ఞానమునకు పని కూడ అచ్చటనే కలదు.

నేను నేడు చెప్పదలచినది ఒక్కటే. మన తెలుగు సంఘములు భక్తిని నేర్పినవి, సిద్ధాంతమును నేర్పినవి, పాటను మిక్కిలి చక్కగా నేర్పినవి. వివేకమును మాత్రము, అనగా ఈ సందర్భమున, ఈ మనుష్యుని యెడల, ఈ రూకల విషయమున ఏది తగును ఏది తగదు అని నలుగురు కూడి నిర్ణయించుకొను శక్తిని మాత్రము, కొంత వకీళ్లకును, కొంత వడ్డీవ్యాపారులకును, మిగిలినది పాస్టరుగారి ఒక్కరి తలకును అప్పగించి ఊరకున్నవి. ప్రసంగములను పెంచినంత మాత్రమున ఈ కొరత తీరదు. సంఘము తన నిజమైన వ్యవహారమును, తన అప్పులను, పెండ్లిండ్లను, పంపకములను, దుఃఖములను తెచ్చి లేఖనము నెదుట, అది కూడ లేఖనమంతటి యెదుట, పెట్టి, నలుగురు నోరు విప్పి మాటలాడుకొనినప్పుడే జ్ఞానమునకు అభ్యాసము కలుగును. మల్లుడు గోదాలో దిగక మల్లుడు కానేరడు.

లేఖనమంతటి యెదుట అంటిని. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగియగానే మన దేవాలయములలో వాగ్దానపు చీటీల తట్ట త్రిప్పు ఆచారము మీరెల్లరు ఎరిగినదే. పెద్దలు, పిల్లలు వరుసగా వచ్చి కన్నులు మూసికొని ఒక్కొక చీటీ తీసి, ఆ యేడంతయు ఆ వాక్యమును గోడకు అంటించుకొందురు; ఇప్పుడది వాట్సాప్‌లో పూలబొమ్మతో ప్రతి ఉదయము గూడ వచ్చుచున్నది. నేను దీనిని ఎగతాళి చేయను. ఆ చీటీని చీరకొంగున ముడివేసికొని ఏడాదిపాటు రోగముతో పోరాడిన తల్లులను చూచితిని. కాని ఆ తట్టలోని చీటీలను వ్రాసినవారు యెషయానుండియు, యిర్మీయానుండియు, కీర్తనలనుండియు ఏరియేరి వ్రాసిరే గాని, దొంగత్రాసును గూర్చి గాని, లంచమును గూర్చి గాని, అతిగా మాటలాడు నాలుకను గూర్చి గాని ఒక్క చీటీయైనను వ్రాసిన జాడ లేదు. కొత్త సంవత్సరమున తూనికరాళ్లను సరిచూచుకొమ్మని చీటీ వచ్చిన వర్తకుని ముఖము చూడవలెనని నాకొక కోరిక.

ఒక్కొక్క వాక్యమును విడిగా పీకి తీసికొనుటవలన ఏర్పడు చిక్కు సామెతల గ్రంథమునందే స్పష్టముగా కనిపించును. ఇరువదియారవ అధ్యాయమున మూర్ఖునికి వాని ధోరణిలో బదులు పలుకరాదని ఒక సామెతయు, పలుకవలెనని దాని వెంటనే మరియొక సామెతయు ప్రక్కప్రక్కనే కూర్చబడియున్నవి. కూర్చినవారు కన్నుగానక చేసిన పని కాదది. నిదానమే ప్రధానమని చెప్పిన నోటితోనే ఆలస్యం అమృతం విషం అని చెప్పు మన పెద్దలకు అందు ఆశ్చర్యము లేదు. ఏ సమయమునకు ఏ సామెత పలుకవలెనో తెలియుటే పెద్దరికము. చీటీ తీసినవానికి ఆ రెంటిలో ఒకటే చేతికి వచ్చును. రెండవది తట్టలోనే యుండిపోవును.

అజరయ్యగారి మూడవ దయ్యమునే ఉదాహరణముగా తీసికొందము. కృష్ణా జిల్లాలోని ఒక పల్లెలో బుధవారపు గృహకూడిక ముగిసి, టీ గ్లాసులు తిరుగుచున్న వేళ జరిగిన సంభాషణ యిది. ఇంటి యజమాని తమ్ముని కుమారుడు, బడిపంతులు ఉద్యోగము కొత్తగా వచ్చినవాడు, పెదతండ్రి ప్రక్కకు జరిగి కూర్చుండి మెల్లగా అడిగెను.

"పెదనాన్నా, మా మామయ్య ట్రాక్టరు తీసుకుంటున్నాడంట. జామీను సంతకం నన్ను పెట్టమంటున్నాడు."

"ఎంతకురా?"

"ఆరు లక్షలు. కాదంటే అత్త మనసు కష్టపెట్టుకుంటుందేమోనని..."

"పెట్టుకోనీ. ఆర్నెల్లు పెట్టుకుంటుంది, ఏడో నెల మళ్లీ కూర పంపుద్ది. ట్రాక్టరు కంతు అలా కాదు గదా, అబ్బాయ్. నీ జీతం ఎంత, ఇంట్లో ఎంతమంది, ముందు అది చెప్పు."

ఆ పెద్దాయన పలికినది సామెతల గ్రంథపు హృదయమే. చెలికానికొరకు పూటపడుటను గూర్చి ఆ గ్రంథము ఆరవ అధ్యాయము మొదలుకొని ఐదారు తావుల హెచ్చరించుచున్నది. చిక్కినవాడు నిద్రకూడ మాని, వేటకాని చేతినుండి తప్పించుకొను లేడివలె ఆ ముడినుండి తప్పించుకొనవలెనని చెప్పుచున్నది. అయితే ఆ కూడికలో కూర్చున్న ఒక వృద్ధురాలు, ఆ యింటి మేనత్త, "అయితే బెన్యామీనుకోసం యూదా పూట పడలేదా అన్నయ్యా?" అని అడిగెను. గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఆమె అడిగినది సరియైన ప్రశ్న. కరవులో ఐగుప్తునకు పోవు వేళ తమ్మునికి తాను పూటకాపునని యూదా తండ్రితో చెప్పెను. ఆ మాటను నిలుపుకొని తమ్మునికి బదులు దాసుడగుటకు సిద్ధపడెను. ఒనేసిము బాకీ తన లెక్కలో వ్రాసికొమ్మని పౌలు ఫిలేమోనుకు చేవ్రాలు చేసి పంపెను. ఇంకను పైకి పోయినచో, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక క్రీస్తునే శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపని పిలుచుచున్నది. రోమను కాథలికుల బైబిలునందున్న సీరా జ్ఞానగ్రంథము, సజ్జనుడు పొరుగువానికి పూట పడునని మెచ్చుకొని, ఆ మెప్పు వెనుకనే దానివలన కూలిపోయిన కుటుంబములను గూడ గుర్తుచేయుచున్నది.

అప్పుడు ఆ కుఱ్ఱవాడు ఏమి చేయవలెను? ఒక్క వాక్యముతో తేలు విషయము కాదిది. ఆ రాత్రి ఆ గదిలో తేలినది ఇట్లు: ఇచ్చిన మాట చెడినచో ఇచ్చుకొనగలిగినంత మేరకే పూట పడవలెను; యూదా తన్ను తాను ఇచ్చెనే గాని యింటిలోని పిల్లల కూటిని తాకట్టు పెట్టలేదు; కావున ఆరు లక్షలకు సంతకము పెట్టరాదు, కాని మామయ్యను రిక్తహస్తములతోను పంపరాదు, తిరిగి రాకున్నను బాధలేదనుకొను ఇరువదివేలు మేనల్లుడు చేతిలో పెట్టవలెను, ఆ సంగతి అత్తకు పెదనాన్న స్వయముగా వెళ్లి చెప్పవలెను. ఆదివారపు ప్రసంగమున ఇట్టి తీర్పు వెలువడదు. పూట పడుటను గూర్చి ప్రసంగించు బోధకుడు ఒక ప్రక్కనే నిలుచును. రెండు ప్రక్కలను ఎత్తి చూపుటకు ఆ మేనత్త కావలసివచ్చినది. ఆమె చదువుకొనినది ఐదవ తరగతి వరకే.

ఆమెకు ఆ కథ నోటికి ఎట్లు వచ్చెను అను ప్రశ్న మనలను డోర్నకల్‌కు తిరిగి తీసికొనిపోవును. సేరంపూరు ముద్రాశాల 1818లోనే తెలుగున కొత్త నిబంధనను వెలువరించినది నిజమే. కాని శతాబ్దము గడచిన తరువాత గూడ తెలుగు పల్లె క్రైస్తవులలో చదువగలిగినవారు స్వల్పము. పుస్తకము చేతిలోనున్నను చదువరాని ప్రజకు లేఖనము అందవలసినది చెవిద్వారా, నిలువవలసినది నోటిలో. పొలమునుండి తిరిగివచ్చిన కూలీలను పల్లె ఉపాధ్యాయుడు లాంతరు వెలుగున కూర్చుండబెట్టి, ప్రభువు ప్రార్థన, విశ్వాసప్రమాణము, పదియాజ్ఞలు, యేసు చెప్పిన ఉపమానములు వల్లె వేయించెడివాడు. డోర్నకల్‌లో పల్లె సేవకులకు శిక్షణ యిచ్చునప్పుడు వారి భార్యలను గూడ ప్రక్కనే కూర్చుండబెట్టి నేర్పిరి. మగవాడు దేవాలయమున చెప్పుదానిని ఆమె బావివద్ద చెప్పునని వారెరుగుదురు. బాప్తిస్మము పొందినవానిచేత తన తలపై చేయి వేయించి, సువార్తను ప్రకటింపకున్నచో తనకు శ్రమయని పలికించు అలవాటు అజరయ్యగారిది. దీనిని మనము సువార్త ప్రచారపు ఉపాయముగానే ఎంచుచున్నాము. నేనెంచునది వేరు. అక్షరము రాని కూలివానిని, ఆ దినముననే, చెప్పువానిగా నిలిపినచో వాడు మరునాటినుండి ఆలోచింపక తప్పదు. ఎవరో ఒకరు అడిగెదరు, వాడు బదులు పలుకవలెను. వినువానిగానే యావజ్జీవము కూర్చుండబెట్టిన సంఘమున జ్ఞానము పుట్టుట దుర్లభము.

నేడు అక్షరాస్యత పెరిగినది, కంఠత తరిగినది. సండే స్కూలు పిల్లలచేత వాక్యములు వల్లె వేయించుచునే యున్నాము, క్రిస్మసుకు బహుమతులను గూడ ఇచ్చుచున్నాము. పెద్దలచేత మాత్రము వల్లె వేయించుట నామర్దాగా తలంచుచున్నాము. సామెతల గ్రంథమున అధ్యాయములు ముప్పదియొకటి గనుక నెలలో దినమునకొకటి చదువవచ్చునని బోధకులు సలహా యిత్తురు. చదువవచ్చును. అయితే దినమునకు ముప్పది సామెతలు మ్రింగినవానికి ఒక్కటియు అరుగదు. వారమునకు ఒక్కటి, కుటుంబ ప్రార్థనలో, పిల్లలును పెద్దలును కంఠత పెట్టి, ఆ వారములో అది ఎచ్చట పనికివచ్చెనో, ఎచ్చట పనికిరాకపోయెనో శనివారము చెప్పుకొనుట మేలు. పనికిరాని తావును గూడ చెప్పనిచ్చుట ముఖ్యము.

పాట విషయమున మనము భాగ్యవంతులము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలుకొని మన కీర్తనకారులు రాగతాళములతో కట్టియిచ్చిన నిధి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథము, ప్రతి కీర్తన నెత్తిన రాగమును తాళమును అచ్చువేసికొని, చదువరాని యిండ్లలో గూడ వేదాంతమును నిలిపినది. కాని క్రీస్తు శ్రమలను, కృపను, పశ్చాత్తాపమును పాడినంతగా మనము అప్పును, నాలుకను, త్రాసును పాడలేదు. యాకోబు పత్రిక మూడవ అధ్యాయమునకు ఒక మంచి కీర్తన కట్టువాడు నేటి యువకులలో ఉన్నచో వానికి నా ఆశీర్వాదము. గిటారుమీద కట్టినను అభ్యంతరము లేదు.

నియమములిచ్చుట సులభము, వివేకమిచ్చుట కష్టము అను సంగతికి ఒంగోలు చరిత్ర సాక్ష్యము. జాన్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు మిషనరీ కాలమున, తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ పెద్దలద్వారా ప్రారంభమైన ఉద్యమము, మహాక్షామము ముగిసిన 1878 జులై 3న గుండ్లకమ్మ యొద్ద 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందునంతవరకు వచ్చెను. ఆ కొత్త విశ్వాసులకు ఆ తొలినాళ్లలో ఇచ్చిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చూచుటకు చిన్నవి. కాని జాతరలో డప్పు కొట్టుట పూజయా, వృత్తియా? కోతల వేళ ఆదివారమున రైతు పిలిచినప్పుడు పోకున్నచో ఏడాది గింజలు పోవును. పోయినచో నియమము పోవును. ఈ చిక్కులను దొరగారి బంగళాలో కూర్చుండి తేల్చుట సాధ్యము కాదు. పల్లె పెద్దలు పంచాయతీగా కూర్చుండి, ఎదుట నిలిచిన రైతు ముఖమును, ఆకలిగొన్న పిల్లలను, కొత్త ప్రభువును ముగ్గురిని తలచుకొని తేల్చుకొనవలసివచ్చినది. కులపంచాయతీని సంఘపు పంచాయతీగా వాడుకొనుటకు వెనుదీయని క్లౌగారి చూపు ఇచ్చట మెచ్చదగినది. ఉన్న గిన్నెలోనే కొత్త వంట వండించెను.

ఇచ్చట కొందరు ఆక్షేపింతురు: అన్యుల పద్ధతి, అన్యుల మాట సంఘములోనికి రావచ్చునా? వారు లేఖనములను నిదానముగా చదువవలెను. యోబు ఊజు దేశపువాడు, ఇశ్రాయేలీయుడని గ్రంథము చెప్పదు. మోషేకు తీర్పుపని పంచి పెట్టుమని నేర్పిన యిత్రో మిద్యాను యాజకుడు. ఐగుప్తు జ్ఞాని అమెనెమోపె ఉపదేశము ముప్పది అధ్యాయములుగా నున్న పపైరస్ ప్రతి బ్రిటిష్ మ్యూజియమునందు కలదు. అది 1923లో అచ్చయిన మరుసటి యేడే, సామెతల ఇరువదిరెండవ అధ్యాయము నడుమనుండి సాగు భాగమునకును దానికిని గల పోలికను జర్మను పండితుడు అడోల్ఫ్ ఎర్మాన్ వెల్లడించెను. పొరుగువాని నోట విన్న మంచిమాటను యెహోవాయందలి భయభక్తుల క్రింద కూర్చుండబెట్టుట ఆ గ్రంథకర్తలకు తప్పుగా తోచలేదు. కావున వేమనను, సుమతీకారుని చిన్ననాడు చదివిన మన విశ్వాసులు దేవాలయపు గుమ్మమున వారిని చెప్పులతోపాటు విడిచి రానక్కరలేదు. తేల్చి చూచుకొనవలెను, అంతియే.

దుఃఖగృహమును గూర్చి కొంచెము ఎక్కువగా మాటలాడవలసియున్నది; ఏలయనగా మన అవివేకము అచ్చట కనబడినంతగా మరెచ్చటను కనబడదు. యోబును ఓదార్చవచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట చేసిన పని శ్రేష్ఠమైనది: బట్టలు చింపుకొని, తలమీద ధూళి చల్లుకొని, ఏడు పగళ్లును ఏడు రాత్రులును నేలమీద అతని ప్రక్క మౌనముగా కూర్చుండిరి. నోరు తెరచిన తరువాతనే చెడిరి. అయితే వారు పలికిన మాటలలో అబద్ధములు వెదకినచో పెక్కు దొరకవు. నీతిమంతుడు వర్ధిల్లునని, దుష్టుడు నశించునని సామెతలలో చెప్పియున్నదే వారును చెప్పిరి. నిజమైన మాటయే తప్పు మనుష్యునికి, తప్పు సమయమున చెప్పినచో అబద్ధమగునని ఆ గ్రంథపు చివర దేవుని కోపము తెలుపుచున్నది. సామెతలను మాత్రమే చదివి యోబును, ప్రసంగిని మూసి పెట్టిన సంఘమున నేటి ఐశ్వర్య బోధ వేళ్లూనుట నాకు వింత కాదు. కానుక వేసినవాడు ధనవంతుడగునని చెప్పు బోధకుడు ఎలీఫజునకు మనుమడు.

మన ఆదరణ కూడికలను తలచుకొనుడు. ఇరువది రెండేండ్ల కుమారుడు మోటారుసైకిలు ప్రమాదమున పోయినాడు. షామియానా క్రింద మైకు పెట్టిరి. వచ్చిన ప్రతి పాస్టరుగారికి పది నిముషములు. పేరు పిలువకున్న వారికి కోపము. దేవునికి ఇష్టుడు గనుక తీసికొనెనని ఒకరు, ఇది హెచ్చరికయని ఒకరు, యువకులు ఇప్పుడైనను మారుమనస్సు పొందవలెనని మరొకరు. తల్లి కొంగు నోటిలో క్రుక్కుకొని వినుచున్నది. తొమ్మిది ప్రసంగములు ముగిసి భోజనములు వడ్డించువేళకు ఆ తల్లి ప్రక్కన కూర్చున్నది పొరుగింటి చాకలి సుబ్బమ్మ ఒక్కతె. ఆమె క్రైస్తవురాలు కాదు, ఆమె ఏమియు పలుకలేదు. మైకు కట్టిపెట్టి, ఒక్కరు లేఖనము చదివి, ఒక్కరు ప్రార్థించి, మిగిలినవారు వారమురోజులు వంతులవారీగా వచ్చి ఊరక కూర్చుండునట్లు సంఘము ఏర్పాటు చేయవచ్చును. ఇందుకు ధనము అక్కరలేదు, భవనము అక్కరలేదు. మాటలాడకుండుటకు శిక్షణ మాత్రము కావలెను, అదియే మనకు మిక్కిలి ప్రియమైన వస్తువు.

స్త్రీలను గూర్చి. సామెతల చివరి అధ్యాయమందలి గుణవతియైన భార్యను గూర్చి పెండ్లిలోను, ఆమె పోయిన దినమునను ప్రసంగింపని కాపరి లేడు. ఆ వర్ణనకు ముందున్న తొమ్మిది వచనములను చదువువాడు మాత్రము అరుదు. అవి రాజైన లెమూయేలుకు అతని తల్లి నేర్పినవి: రాజు మద్యమునకు లొంగరాదని, నోరులేనివారి పక్షమున నోరు తెరవవలెనని, దీనుల వ్యాజ్యెమును న్యాయముగా తీర్చవలెనని ఆమె కుమారునికి చెప్పుచున్నది. అనగా ఆ అధ్యాయమున తొలుత స్త్రీ ఉపదేశకురాలు, తరువాతనే గృహిణి. ముందుదానిని దాటవేసి రెండవదానిని చదువు అలవాటు మనకెట్లు వచ్చెనో నేను చెప్పనక్కరలేదు. ముందటి రాత్రి కట్నము లెక్కపెట్టుకొనిన యింటిలో మరునాడు ఆ వర్ణనను చదువుటకు సిగ్గుపడని మనము, తల్లి చెప్పిన న్యాయమును చదువుటకు సిగ్గుపడుటలో వింత లేదు. తెకోవ వివేకవతిని, ఆబేలు పట్టణమును కాపాడిన స్త్రీని, నాబాలు మూర్ఖతనుండి యింటినంతయు తప్పించిన అబీగయీలును స్త్రీల సమాజములలో చదివింతుము. సంఘ కమిటీలో మాత్రము ఆ పోలిక స్త్రీకి కుర్చీ వేయము.

ధనమును గూర్చి ఒక్క మాట. వంట వండునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము కుండలో వేసి దేవుని పనికి ఇచ్చు ఆచారమును మన తల్లులు నిలిపిరి. క్రైస్తవ దానమును గూర్చి అజరయ్యగారు ఒక గ్రంథమే వ్రాసిరి. కోతపండుగనాడు కోడిపుంజు, గుమ్మడికాయ, అరటిగెల వేలమునకు వచ్చినప్పుడు వాటి ధర కేకవేసి చెప్పుదుము. ఆ ధనము ఏమయ్యెనో మాత్రము గుసగుసగానైనను చెప్పము. దొంగత్రాసును గూర్చిన సామెతకు ప్రసంగము అక్కరలేదు. మరుసటి కోతపండుగలో, వేలము పాటకు ముందు, అదే మైకులో, క్రిందటి యేటి లెక్క చదివినచో చాలును.

ఇక తగవులు. కొరింథు సంఘస్థులు ఒకరిపై ఒకరు న్యాయస్థానములకెక్కుట చూచి, సహోదరుల నడుమ తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనను లేడా అని పౌలు వారిని సిగ్గుపరచెను. మన సంఘముల ఆస్తి వ్యాజ్యములు, ఎన్నికల వ్యాజ్యములు ఏయే కోర్టులలో ఎన్నేండ్లుగా నలుగుచున్నవో ఈ సభలో పేర్లు చెప్పుట అమర్యాద, మీరెరుగుదురు. అయితే ఓర్పుతో కలిసి తీర్చుకొను శక్తి మన రక్తములో లేదని చెప్పుటకు వీలులేదు. 1919 మే నెలలో తరంగంబాడిలో సమావేశమై ఐక్యతను కోరిన తొలివారిలో అజరయ్యగారొకరు. నాటినుండి బిషప్పు పదవిని గూర్చి, అభిషేకమును గూర్చి, ప్రభురాత్రి భోజనమును గూర్చి, వాక్యము వాక్యముగా వాదించుకొని, పలుమార్లు పొరపొచ్చెములు వచ్చినను బల్లవిడిచి లేవక, ఇరువదియెనిమిదేండ్లకు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆ ఉదయమును చూచుటకు ఆయన లేరు. ఏ పక్షమును ఓడింపక తీర్చుకొనిన ఆ తగవును మన వేదాంత కళాశాలలలో సిద్ధాంత చరిత్రగా చెప్పుదురు; జ్ఞానాభ్యాసమునకు మేలైన పాఠముగా చెప్పినచో ఇంకను బాగుండును.

నా సూచన చిన్నది. ప్రతి సంఘము ఐదుగురిని ఎన్నుకొనవలెను: ఇద్దరు స్త్రీలు, కూలిపని చేయువాడొకడు తప్పక ఉండవలెను, పాస్టరుగారు అధ్యక్షులుగా ఉండరాదు, ఏలయనగా సగము తగవులలో వారును ఒక పక్షమే. పెద్ద ఆస్తి తగాదాలను మొదటి మూడేండ్లు ముట్టుకొనరాదు. గట్టు తగాదా, పెండ్లి ఖర్చు, జామీను సంతకము, అత్తాకోడండ్ల వంటిల్లు, వీటితో మొదలుపెట్టవలెను. దౌర్జన్యమును, నేరమును చట్టమునకు అప్పగింపవలెనే గాని ఈ అయిదుగురి చాప క్రింద దాచరాదు. వ్యవహారమును వినిన పిదప దానికి అనుకూలముగా ఒక లేఖనభాగమును, ప్రతికూలముగా ఒకదానిని చదివి, కొంతసేపు మౌనముగా నుండి, అందరికంటె చిన్నవాడు మొదట మాటలాడవలెను. తీర్పును పేర్లు లేకుండ ఒక పుస్తకమున వ్రాసి, ఏడాదికొకసారి సంఘమెల్ల వినునట్లు చదువవలెను. సొలొమోను సామెతలను హిజ్కియా రాజు సేవకులు ఎత్తివ్రాసిరని ఇరువదియైదవ అధ్యాయము మొదట ఉన్నది. పూర్వపు తీర్పును తరువాతి తరమువారు ఎత్తివ్రాసికొనుట ఆ గ్రంథము పెరిగిన తీరే. వ్రాయుటకు బడిపంతులో, ఇంటర్మీడియెటు చదువుచున్న పిల్లయో ప్రతి ఊరిలోను దొరకును. ఆ పుస్తకము పాస్టరుగారి బీరువాలో కాక, ఊరు విడిచి పోని ఒక పెద్ద యింట ఉండుట మేలు. కాపరులు కొన్నేండ్లకొకసారి బదిలీ యగుచుందురు, తగవులకు బదిలీ లేదు.